ఫెయిల్ సారు గొప్పలు

మా పెద్దసారు కోతలరాయుడు. అయితే ఆయన కోసే కోతలన్నీ తన ఓటముల గురించే. కొత్తగా పరిశోధనలోకి వచ్చిన పిల్లల చేయి పట్టుకుని ఏడాదిపాటు నడిపించే శిక్షణ ఒకటి మా సంస్థలో ఉండేది. దానికి ఆయన పెద్ద, నేను సహాయకుణ్ణి. చాటుగా అందరం ఆయన్ని ఫెయిల్ సారు అనేవాళ్ళం.

ఒకసారి ఓ కుర్రాడు ముఖం వేలాడేసుకుని వచ్చాడు. పత్రికవాళ్ళు అతని వ్యాసం తిప్పి పంపారు.

“తప్పులు బాగా పట్టారా?” సారు అడిగారు.

“పేజీ నిండా సార్.”

“పేజీయేనా!” సారు పెదవి విరిచారు. “నా మొదటి వ్యాసానికొచ్చిన తప్పుల జాబితా ఆ వ్యాసం కంటే పొడుగు. చివర్లో ‘మీకు వేరే పనేమైనా వచ్చా?’ అని కూడా అడిగారు.”

“మీరేం చెప్పారు సార్?”

“రాదని రాశాను. అందుకే ఇక్కడే ఉండిపోయాను.”

ఎవరైనా గాజుగొట్టం పగలగొడితే ఆయన ఒకప్పుడు అలమారానే పడగొట్టి ఉంటారు. ఓడిపోవడంలో ఆయన్ని గెలవడం ఎవరి తరమూ కాలేదు.

అందరిలోకీ చిన్నమ్మాయి ఒకతి ఉండేది. ఓ శనివారం ఫ్రీజర్ తలుపు సరిగ్గా వేయకుండా ఇంటికి వెళ్ళింది. సోమవారానికి ఆమె అంతదాకా పెంచి అందులో దాచుకున్న కణాలన్నీ మంచు కరిగి పాడైపోయాయి. చూసిన వెంటనే ఏడుస్తూ సంచి సర్దేసింది.

“ఈ పనికి నేను పనికిరాను సార్. వెళ్ళిపోతాను.”

సారు ఫ్రీజర్‌లోకి తొంగిచూశారు. “నీ కణాలు మాత్రమేనా పోయాయి?”

“అవును సార్.”

“ఓస్, ఇంతేనా! నేను తలుపు వదిలేసినప్పుడు మా గురువుగారివీ పక్కగదివాళ్ళవీ కూడా పోయాయి. పైగా కింద నీళ్ళు చూసి, పైపు పగిలిందని ప్లంబర్ని పిలిచాను.”

“అతనేమన్నాడు?”

“‘పైపు బాగానే ఉందండీ, తేడా మీలోనే ఉంది’ అన్నాడు.”

ఏడుస్తున్న పిల్ల ఫక్కున నవ్వింది.

“సంచి దించమ్మా. మొదట్లో నీకిచ్చిన కణాల్లో కాసిని నా దగ్గర దాచే ఉంచాను. మళ్ళీ పెంచుదాం.”

అన్నట్టే రోజూ ఆమె పక్కన కుర్చీ వేసుకుని కూర్చున్నారు. పని పూర్తయింది. శిక్షణ ముగింపు సభలో ఆ అమ్మాయి తన ఫలితాలు చెబుతూ ప్లంబర్ కథ కూడా చెప్పింది. హాలంతా ఘొల్లుమంది. నా పక్కన కూర్చున్న సారుగారి భార్య మాత్రం నోరెళ్ళబెట్టారు.

“ఎవరు, మా ఆయనా? ఫ్రిజ్ తలుపు వేశాక పదిసార్లు లాగి చూసే మనిషి బాబూ! పెళ్ళయిన దగ్గర్నుంచీ ఆయన చేతిలోంచి చెంచా కూడా జారలేదు.”

“మరి పత్రికవాళ్ళు తప్పులు పట్టిన ఆయన మొదటి వ్యాసం?”

“దానికి బంగారు పతకమిచ్చారు. నా చీరల కింద దాచమన్నారు. మీ శిక్షణకొచ్చే పిల్లలు చూస్తే బెదిరిపోతారట!”

నాకు ఆ మనిషి మీద చెప్పలేనంత ప్రేమ పుట్టుకొచ్చింది. సభ అవగానే వెళ్ళి పట్టుకున్నాను.

“సార్, ప్లంబర్ రాలేదటగా?”

ఆయన భార్య వైపు చూసి నాలుక కరుచుకున్నారు. మరుక్షణమే ఛాతీ విరిచారు.

“చూశావా, అబద్ధమాడటంలో కూడా ఫెయిలయ్యాను! నువ్వెప్పుడైనా ఇంత ఘోరంగా ఫెయిలయ్యావా?”