పక్కకు జరిగిన రాగి

మా ఆయన అక్కను, అంటే మా వదినను, మా అమ్మాయి ‘కత్తెరత్త’ అంటుంది. ఎక్కడికి వెళ్ళినా ఆవిడ చేతిసంచిలో కటింగ్ ప్లేయర్ ఉండాల్సిందే. ఇళ్ళకు వాడే కరెంటు వైరు తయారుచేసే ఫ్యాక్టరీలో ఆవిడది పరీక్ష చేసే పని. రాగి తీగకు ప్లాస్టిక్ తొడుగు వేశాక వైరు ఒక మిషన్ లోంచి పోతుంది. తొడుగుకు చిల్లుంటే బజరు మోగుతుంది, మోగకపోతే పాసైనట్టే. మా వదినకు అది చాలదు. ప్రతి కాయిల్ కొసా కాస్త కోసి, రాగి నడిమధ్యన ఉందో లేదో కళ్ళారా చూస్తే గానీ పంపదు. చాదస్తమని తోటివాళ్ళు దెప్పితే, ఆ మాట చెవిన పెట్టదు.

తెల్లారితే మా కొత్తింట్లోకి సామాను దింపుకోవాలి. గోడలకు రంగు వాసన ఇంకా పోలేదు. వదిన వచ్చి గదులన్నీ చూసి తెగ ముచ్చటపడింది. అంతటితో ఊరుకుంటే బాగుండేది. మూలన పడున్న మిగులు వైరు తీసి టక్కున కోసింది. ఆవిడ మొహం మాడిపోయింది.

“ఒరే తమ్ముడూ, ఈ వైరు గోడల్లో ఉండటానికి వీల్లేదు. మొత్తం లాగించెయ్.”

నాకు ఒళ్ళు మండిపోయింది. “మీ ఫ్యాక్టరీదే కదా వదినా! మంచిదని చెప్పిందీ మీరే కదా!”

“మా వైరు మంచిదే. ఈ కాయిల్ కాదు. ఇటు చూడు, రాగి ఒక పక్కకి జరిగిపోయింది. ఒకవైపు తొడుగు మందంగా ఉంది, రెండోవైపు ఉల్లిపొర. పొరకి చిల్లు లేదు కాబట్టి బజరు మోగలేదు. పైపులోంచి లాగేటప్పుడు గీసుకుపోతే రాగి బయటపడదూ?” వైరు మీద అచ్చేసిన తేదీ చూసి ఉసూరుమంది. “నేను సెలవు పెట్టి ఇక్కడ మీ గోడలకి నీళ్ళు కొట్టిన వారం ఇది.”

పిలిపించిన ఎలక్ట్రీషియన్ నసిగాడు. “లైట్లన్నీ వెలుగుతున్నాయి కదమ్మా?”

“ఇవాళ వెలుగుతాయి నాయనా. మెయిన్ ఆపు.”

మా ఆయన మా ఇద్దరి మధ్య బెల్లం కొట్టిన రాయిలా నిలబడ్డాడు. మెయిన్ ఆగింది. బోర్డులన్నీ విప్పారు. హాల్లో వైరు లాగితే ఒక్క గీత లేకుండా వచ్చింది. వంటింట్లోదీ అంతే. నాకు ఎక్కడలేని బలం వచ్చింది.

“చూశారా? ఇప్పటికైనా ఊరుకుంటారా?”

“ఊరుకోను. పిల్ల గది మిగిలింది.”

ఆ గదిలో వైరు స్విచ్ బోర్డు దగ్గర వంపులో ఇరుక్కుంది. ఎంత లాగినా రాలేదు. “వదిలేద్దాం అక్కా” అన్నాడు మా ఆయన. వదిన ఉలి, సుత్తి అందుకుంది. అమ్మాయి ఏరికోరి వేయించుకున్న నీలం రంగు పెచ్చులుగా ఊడి నేల మీద పడుతుంటే నాకు ఏడుపొచ్చింది. నోటికొచ్చినట్టు తిట్టాను కూడా. ఆవిడ చేయి ఆగలేదు.

పైపు పగిలి వైరు బయటికొచ్చింది. పలచగా ఉన్న పక్క తొడుగు చీరుకుపోయి, వేలెడు పొడవున రాగి బయటపడి మెరుస్తోంది. అది సరిగ్గా స్విచ్ బోర్డు వెనకాల ఇనుప పెట్టెను ఆనుకునే చోట. ఆ స్విచ్ కిందే అమ్మాయి మంచం వేయాలనుకున్నాం. నేను ఆ పెచ్చుల్లోనే కూలబడ్డాను.

వదిన చేతుల దుమ్ము దులుపుకుని మాకు వైరు అమ్మిన దుకాణం ఆయనకు ఫోన్ చేసింది. “ఆ తేదీ కాయిళ్ళు అమ్మడం ఆపండి. ఇప్పటిదాకా ఎవరెవరు కొన్నారో గుర్తు చేసుకోండి, నేను వస్తున్నా. మా ఫ్యాక్టరీవాళ్ళకి కూడా నేనే చెప్తాను.” అవతల ఆయన ఏదో గొణిగాడు. “నా ఉద్యోగం సంగతి నేను చూసుకుంటా లెండి” అని పెట్టేసింది.

ఆ తేదీ వైరే వేసిన ఇల్లు దగ్గర్లో ఒకటి ఉందట. పాపం, వాళ్ళు అప్పుడే కాపురం పెట్టేశారట. వదిన చెప్పులు వేసుకుంటుంటే నేను లేచి ముక్కు తుడుచుకున్నాను.

“ఆగండి వదినా, నేనూ వస్తా. మీరు గోడ పగలగొట్టాలంటే ఆ ఇల్లాలు మీ మీద విరుచుకుపడుతుంది. ఆవిడతో నేను మాట్లాడతాను.”