ఆఖరి మంగళవారం కట్టబోయిన బాకీ

2025 మే నెల. మేము వలస వచ్చి స్థిరపడిన పాయింట్ కుక్ శివారులో టాక్స్ ఏజెంటుగా అది నా చివరి సంవత్సరం. అప్పుడే ఎన్నికలు ముగిశాయి. గెలిచిన ప్రభుత్వం స్టూడెంట్ లోన్లలో ఐదో వంతు మాఫీ చేస్తామని మాటిచ్చింది గానీ చట్టం ఇంకా కాలేదు. మా ఆఫీసు ఫోనుకు మాత్రం క్షణం తీరిక లేదు.

ఈ లోనుకు వడ్డీ ఉండదు. ఏటా జూన్ ఒకటిన ధరల పెరుగుదలను బట్టి బాకీని పెంచుతారు, దాన్నే ఇండెక్సేషన్ అంటారు. జీతం ఒక హద్దు దాటితే టాక్సుతో పాటే అందులోంచి కొంత కొంత తీరుతూ పోతుంది. ముందుగా కట్టేయవచ్చు, కానీ కట్టింది వెనక్కి రాదు. మాఫీని కూడా జూన్ ఒకటినాటి బాకీ మీదే లెక్కిస్తామన్నారు. అంటే మేలో కట్టినవాళ్ళు మాఫీని చేతులారా వదులుకున్నట్టు. ఆగినవాళ్ళకు చట్టం రాకపోతే ఇండెక్సేషన్ భారం.

ఆ నెల ఆఖరి సోమవారం రామ్మోహన్ గారు కూతురు సింధుతో వచ్చారు. ఆయనది తెనాలి. పాతికేళ్ళుగా ఇక్కడ రైల్వే సిగ్నల్ ఇంజనీరు. సింధు ఫిజియోథెరపీ పూర్తిచేసి కొత్తగా ఉద్యోగంలో చేరింది. బాకీ నలభై వేల డాలర్లు. తన రిటైర్మెంటుకు దాచుకున్న డబ్బుతో మొత్తం మర్నాడే కట్టేస్తానన్నారాయన. మర్నాడే ఎందుకంటే అది మంగళవారం. మంగళవారం అప్పు తీరిస్తే మళ్ళీ అప్పు చేయాల్సిన అవసరం రాదని ఆయన నమ్మకం. ఇంటి లోను కూడా మంగళవారాలే కట్టుకొచ్చారట.

“డాడ్, జూన్‌లో కూడా ట్యూస్‌డేస్ ఉంటాయి కదా,” అంది సింధు.

“వాళ్ళ మాట నమ్ముకుని కూర్చుంటే ఇండెక్సేషన్ ఎవరు కడతారమ్మా?”

నేను రెండు దారులూ కాగితం మీద వేసి చూపించాను. ఇప్పుడే కడితే పోయేది ఎనిమిది వేలు. ఆగితే, మాట తప్పినా, పెరిగేది అందులో చిన్న భాగం. అక్కడితో ఆగిపోయాను. టాక్స్ ఏజెంటు నిబంధనలు చెప్పాలి గానీ దాచుకున్న డబ్బు ఏం చేయాలో చెప్పకూడదు. అది ఫైనాన్షియల్ అడ్వైజరు పని.

“డాక్టరు దగ్గరికెళ్తే మందు రాయకుండా రిపోర్టు చదివి వినిపించినట్టుంది, పద్మ గారూ,” అన్నారాయన. నాకు ఒళ్ళు మండింది, అన్నది నిజమే కనుక.

“పోనీ, మీ అబ్బాయి లోను ఏం చేశారు?” అని అడిగారాయన.

అంతకుముందు ఏడాది మావాడి వెంటపడి, వాడి పొదుపంతా ఊడ్చి, లోను మొత్తం కట్టించింది నేనే. కొన్ని నెలలకే మాఫీ కబురు వచ్చింది. ఇప్పటికీ పెరట్లో కాల్చుకు తినే ప్రతి బార్బీ విందులోనూ వాడు, “మా మమ్ గవర్నమెంటుకి డొనేషన్ ఇచ్చింది,” అని అందరికీ చెబుతుంటాడు. ఇదంతా చెప్పేసరికి సిగ్గుతో చచ్చిపోయాను. సింధు నవ్వు ఆపుకోలేక కిటికీ వైపు తిరిగింది.

రామ్మోహన్ గారు నవ్వలేదు. బ్యాంకు యాప్ తెరిచి ఉన్న ఫోను మెల్లగా జేబులో పెట్టుకున్నారు. “మీకే అలా అయిందంటే నేనెంత లెండి,” అని లేచారు.

రెండు నెలలకు చట్టం వచ్చింది. బాకీలో ఐదో వంతు తగ్గిందని సింధు మెసేజ్ పెట్టింది. మిగిలింది ఆయన కట్టేసి, ఆ పొద్దున్నే నాకు ఫోన్ చేసి చెప్పారు. ఏ వారమో అడగక్కర్లేకపోయింది, ఆ రోజు మంగళవారం.

ఆయన నా పట్టిక చూసి ఆగలేదు, నేను చేసిన నష్టం విని ఆగారు. ఈ వృత్తిలో మన పొరపాటు కూడా ఒక పనిముట్టే. అడిగినప్పుడు దాన్ని దాచకుండా బల్లమీద పెట్టాలి.