తొమ్మిదో అంతస్తులో ఓర్పు క్లాసు

మా ఆఫీసులో ఓర్పు నేర్పడానికి ఒక మనిషిని పిలిపించారు. మా ఆఫీసు అంటే నాదేదో అనుకునేరు. రాయదుర్గంలో, తొమ్మిదో అంతస్తులో ఒక కంపెనీ ఉంది. పదో తరగతి చదువుతో అక్కడ నేను సంపాదించిన పెద్ద ఉద్యోగం, కాఫీ మెషిను పక్కన నిలబడటం. పొద్దున ఎనిమిది నుంచి సాయంత్రం ఐదు దాకా. కూర్చోకూడదు. రాసిపెట్టిన రూలేం కాదు. హౌస్‌కీపింగ్ వాళ్ళు కూర్చుని కనబడితే బాగుండదట, అంతే. తినేటప్పుడు మాత్రం చీపుర్లు పెట్టే గదిలో బకెట్ బోర్లించుకుని కూర్చోవచ్చు. నీలం రంగు బకెట్, చాలా సౌకర్యం.

నాతోపాటు కొత్తగూడ నుంచి వచ్చే ఒక అక్క పనిచేసేది. నాకంటే ఇరవై ఏళ్ళు పెద్ద. కుడి మోకాలు వాచిపోయి, మెట్లు దిగాలంటే పక్కకి తిరిగి దిగేది. ఎక్కువసేపు నిలబడొద్దని దవాఖానలో చెప్పారు. ఒక్క స్టూలు ఇప్పించమని సూపర్‌వైజర్‌ను రెండుసార్లు అడిగింది. ఇంకోసారి అడిగితే కింద పార్కింగ్ ఊడ్చే పనికి పంపిస్తానన్నాడు. ఆ మోకాలితో అక్కడ వారం కూడా నెగ్గుకురావడం కష్టం. అంటే పని పోయినట్టే. అక్క అడగడం మానేసింది.

ఓర్పు చెప్పే సార్ మెత్తటి సోఫాలో కూర్చుని రెండు గంటలు మాట్లాడాడు. ఉద్యోగులు బీన్ బ్యాగుల్లో కూరుకుపోయి విన్నారు. మేమిద్దరం నీళ్ళ సీసాల ట్రేలు పట్టుకుని గోడ పక్కన, గోడకు ఆనుకోకుండా నిలబడి విన్నాం. తర్వాత ఒక్కొక్కరూ తాము ఓర్చుకున్న కష్టాలు చెప్పుకున్నారు. ఒకాయన తెల్లాపూర్ నుంచి కార్లో గంటంబావు కూర్చుని వస్తాడట. ఒకామె ఇంట్లో ఏసీ చెడిపోయి రెండు రోజులు కిటికీలు తెరుచుకుని పడుకుందట. నాకు నిజంగానే జాలేసింది. కూర్చుని కూర్చుని ఎంత అలిసిపోయారో పాపం.

అప్పుడు కాకినాడ వైపు నుంచి వచ్చిన మేనేజర్ మేడమ్, మంచి మనిషే, అక్కను చూపించి, "ఓర్పంటే ఆవిణ్ణి చూసి నేర్చుకోవాలండీ. ఎప్పుడు చూసినా నవ్వుతూ నిలబడే ఉంటారు" అంది. అందరూ చప్పట్లు కొట్టారు. సార్ అక్కను ముందుకు పిలిచి, మైకు చేతికిచ్చి, మీ రహస్యం ఏమిటని అడిగాడు.

అక్క సార్‌ను చూసింది. సోఫాను చూసింది.

"రహస్యమేం లేదు సార్. కూసుందామంటే కుర్సీ లేదు. గంతే."

మైకు బాగా పనిచేస్తోంది, అందరికీ వినిపించింది. మళ్ళీ చప్పట్లు కొట్టాలో వద్దో ఎవరికీ తెలియలేదు. ఒకతను రెండు కొట్టి ఆపేశాడు.

క్లాసు అవగానే సూపర్‌వైజర్ మమ్మల్ని చీపుర్ల గదిలోకి పిలిచాడు. "అందరి ముంగట నా ఇజ్జత్ తీసినవ్. రేపటి సంది పార్కింగ్‌ల ఊడ్వు" అన్నాడు అక్కతో. అక్క తల దించుకుంది. నేను రోజంతా వాగుతూనే ఉంటాను గానీ, అతని ముందు ఎన్నడూ నోరు తెరవలేదు. దానికి ఓర్పని పేరు పెట్టుకున్నాను, వినడానికి గొప్పగా ఉంటుందని.

"నాక్కూడ కుర్సీ కావాలె సార్" అన్నాను. "ఇద్దర్నీ పంపుండ్రి. కాఫీ మీరే ఇయ్యుండ్రి. మేడమ్ అడిగితే ఎందుకు పంపిన్రో గూడ మీరే చెప్పుండ్రి."

పంపలేదు. పది రోజులకు ఒక ప్లాస్టిక్ స్టూలు వచ్చింది. ఒక్కటే. అక్కను కూర్చోబెట్టాను. ఎవరో కప్పు పట్టుకుని రాగానే లేచింది. మళ్ళీ కూర్చోబెట్టాను, మళ్ళీ ఎవరో వచ్చారు, మళ్ళీ లేచింది. ఆరేళ్ళు అలవాటు పడిన కాళ్ళు, చెబితే వినవు. మూడోసారి ఆమె భుజం మీద చెయ్యేసి గట్టిగా నొక్కిపెట్టి, రెండో చేత్తో కాఫీ పట్టిచ్చాను.