గువ్వను సంబరానికి తీసుకెళ్ళిన రోజు

జీవితమంతా సిటీ బస్సులో కండక్టరుగా నిలబడే గడిపిన మనిషికి, రిటైరయ్యాక కూర్చోమంటే ఎలా కూర్చుంటుంది? డిపోలో అందరూ ఆమెను బొంగరం అనేవారు. ఆమె ‘రైట్’ అని కేకేస్తే పక్కనున్న బస్సు కూడా కదిలేదని డ్రైవర్లు చెప్పుకుని నవ్వేవారు. కూతురింటికి చేరాక కూడా తీరు మారలేదు. అన్నం నిలబడే తినేది. టీవీ చూస్తూ గదిలో ఈ మూల నుంచి ఆ మూలకు నడిచేది. కాలుగాలిన పిల్లిలా తిరగొద్దని, చూస్తుంటే తనకే కళ్ళు తిరుగుతున్నాయని కూతురు విసుక్కునేది.

మనవరాలికి నాలుగేళ్ళు. ముద్దుపేరు గువ్వ. పిలిస్తే పలికేది కాదు. ఆ పిల్ల ఉత్త మొండిదనుకుని బొంగరం ఇంకా గట్టిగా పిలిచేది. బస్సు చివరి సీటు దాకా మోగే ఆ గొంతు పక్కనే కూర్చున్న పిల్లకు వినపడటం లేదన్న సంగతి ఈమధ్యే తేలింది. కుడి చెవి పూర్తిగా పోయింది. ఎడమ చెవికి మిషన్ పెడితే వినిపిస్తుందన్నారు డాక్టరుగారు. చిక్కుడు గింజంత మిషన్, చెవి వెనక పెట్టుకునేది. అది పెట్టిన కొద్ది వారాలకే గువ్వ ‘నీళ్ళు’ అంది, ‘వద్దు’ అంది, ‘మమ్మ’ అంది. ఆ ‘మమ్మ’ అమ్మ కాదు, అమ్మమ్మేనని బొంగరం వీధి వీధంతా చెప్పుకొచ్చింది.

సెలవుల్లో పిల్లలందరికీ కమ్యూనిటీ హాల్లో ఏటా సంబరం జరుగుతుంది. ఆ రోజు కూతురికి ఆసుపత్రి ల్యాబులో డ్యూటీ పడింది. అల్లుడు లారీ మీద ఎక్కడో దూరాన ఉన్నాడు. తాను తీసుకెళ్తానంది బొంగరం. కూతురు గుమ్మం దాకా వెళ్ళి మూడుసార్లు వెనక్కి వచ్చింది. మిషన్ జాగ్రత్త అంది, తడవనివ్వొద్దంది, పిల్ల బెదిరితే వెంటనే ఇంటికి తెచ్చెయ్యమంది.

“అమ్మా, అది పోతే కొత్తది చేయించడానికి నెలలు పడుతుంది. ఇప్పుడిప్పుడే మాటలు వస్తున్నాయి దానికి.”

“బస్సెడు జనాన్ని చూసుకున్నదాన్ని, ఒక్క పిల్లను చూసుకోలేనా?” అంది బొంగరం. అందిగానీ, కూతురు వెళ్ళగానే పిల్ల చెవి వెనక మిషన్ సరిగ్గా కూర్చుందో లేదో రెండుసార్లు నొక్కి చూసింది.

హాలు కిటకిటలాడుతోంది. స్పీకర్లలో పాటలు, బెలూన్లు పగిలే చప్పుళ్ళు, ఒక మూల గాలితో ఉబ్బించిన రబ్బరు ఇల్లు, దాని వెనక బుస్సుమంటూ మోటారు. పిల్లలు అందులో ఎగిరెగిరి పడుతున్నారు. బొంగరం పిల్ల వేలు వదల్లేదు. పది అడుగులకోసారి జుట్టు తప్పించి చెవి వెనక చూసేది. ఉంది. మళ్ళీ చూసేది. ఉంది. గువ్వ ముఖం ముడుచుకుంది, అమ్మమ్మ చీర కుచ్చిళ్ళు పట్టుకుని లాగింది. కొత్త కదా, అదే అలవాటవుతుందని ఆమె ముందుకే నడిపించింది. రబ్బరు ఇల్లు చూశాక మాత్రం పిల్ల కళ్ళు మెరిశాయి. గుమ్మం ముందు బూట్లు విప్పి లోపలికి పాకింది.

ఆట ముగించుకుని చెమటలు కక్కుతూ బయటికి వచ్చిన పిల్లను ఎత్తుకుని, అలవాటు ప్రకారం జుట్టు తప్పించింది బొంగరం. చెవి బోసిగా ఉంది.

ఆమెకు పై ప్రాణాలు పైనే పోయాయి. పిల్లను చంకనేసుకునే రబ్బరు ఇంట్లోకి దూరింది. ఎగిరే పిల్లల మధ్య మోకాళ్ళ మీద పాకుతూ ముడతలన్నీ తడిమింది. కుర్చీల కింద వెతికింది. పగిలిన బెలూన్ ముక్కలు, రంగు కాగితాలు, ఎవరిదో జడపిన్ను. అంతే. ‘ఎక్కడ పడేశావే’ అని పిల్లను కుదిపింది. మిషన్ లేని పిల్లకు ఏం వినపడుతుంది? అమ్మమ్మ పెదాల వంక చూస్తూ బిక్కమొహం వేసింది.

జనం అటూ ఇటూ నడుస్తున్నారు. ఏ కాలి కింద చితికిపోతుందో. బొంగరం ఇక ఆగలేకపోయింది.

“ఎక్కడివాళ్ళక్కడే ఆగండి! ఎవరూ కాలు కదపొద్దు!”

హాలంతా బ్రేకు వేసినట్టు ఆగిపోయింది. సంబరం నడిపిస్తున్న మందుల షాపాయన పాట ఆపేసి, సంగతి కనుక్కుని మైకులో చెప్పాడు. పెద్దలందరూ నిలబడ్డ చోటే వంగి తమ కాళ్ళ చుట్టూ చూసుకున్నారు. మోటారు కూడా ఆపేసి, కూలబడిన రబ్బరు ఇంటిని దులిపారు. దొరకలేదు. దొరికితే ఇంటికి పంపుతానని ఆయన మెల్లగా అన్నాడు. కాసేపటికి పాట మళ్ళీ మొదలైంది.

కూతురికి ఏమని చెప్పాలి? ఆ మాటే తిప్పి తిప్పి అనుకుంటూ, బూట్ల గుట్టలోంచి గువ్వ బూట్లు లాగి పిల్లను మెట్టు మీద కూర్చోబెట్టింది. ఒక బూటు ఎక్కింది. రెండోదానికి పిల్ల కాలు ముడుచుకుంది. బొంగరం లాగింది. పిల్ల వేళ్ళు ముడిచింది.

“వద్దు” అంది గువ్వ.

అరికాలి మంట నెత్తికెక్కింది ఆమెకు. పాదం పట్టుకుని బలంగా తోయబోయింది. పిల్ల ఏడుస్తూ రెండు చేతులతో బూటు లాక్కుని బోర్లించింది. చిక్కుడు గింజంత మిషన్ మెట్టు మీద టక్కున పడింది.

బొంగరం పిల్ల పాదం వదిలేసింది. ఇంకొక్క తోపుతో తన చేతులే దాన్ని నుగ్గు చేసి ఉండేవి. కొంగుతో తుడిచి పెట్టబోతే గువ్వ తల పక్కకు తిప్పుకుంది. హాలు వైపు చూపించి చెవి మూసుకుంది. పిల్ల దాన్ని బూటులో దాచిన కారణం అప్పుడు తెలిసింది ఆమెకు. కుచ్చిళ్ళు పట్టుకుని లాగినప్పుడే చెప్పింది పిల్ల. తానే వినిపించుకోలేదు.

రెండు వీధులు దాటాక గువ్వ తనంతట తానే చెవి చూపించింది. పెట్టించుకుని నాలుగడుగులు వేసి, మూసి ఉన్న సైకిల్ షాపు ముందు ఆగిపోయింది. మేడ మీది గొట్టంలోంచి నీటిబొట్లు కింది రేకు మీద పడుతున్నాయి. టప్. టప్. పిల్ల రేకు వైపు వేలు చూపించి, తర్వాత తన చెవి ముట్టుకుంది. చెయ్యి పట్టి లాగితే కదల్లేదు. కూతురు ఇంటికి వచ్చే వేళయింది. బొంగరం గొణుక్కుంటూ, కాళ్ళు మార్చుకుంటూ అక్కడే నిలబడింది.

ఇంటికి తాళం చూసి, ఫోను ఎత్తకపోతే హడలిపోయి, కూతురు వెతుక్కుంటూ హాలు వైపు పరుగున వచ్చింది. వీళ్ళను చూసి ఆగింది. జరిగినదంతా దాచకుండా చెప్పింది బొంగరం, బూటులోకి కాలు తోయబోయిన సంగతితో సహా. తిడుతుందనే అనుకుంది.

కూతురు పిల్ల ముందు వంగింది. పిల్ల చెవి వెనక వేలితో తడిమి చూసింది.

“నేనైనా తోసేసేదాన్నేనమ్మా” అంది. తర్వాత భుజం మీది సంచి నేల మీద పెట్టి, పిల్ల పక్కన గొంతుక్కూర్చుని రేకు వంక చూసింది.