ఎడమ చక్రం దగ్గర చప్పుడు

తాతాజీ గారి చెవికి చుట్టుపక్కల ఊళ్ళలో పేరుంది. నలభై ఏళ్ళుగా కొబ్బరి తోట చేస్తున్న మనిషి. కాయని చెవి దగ్గర పెట్టుకుని ఒక్కసారి ఊపితే, లోపల నీళ్ళెన్ని ఉన్నాయో, కాయ ముదిరిందో లేదో చెప్పేస్తారు. తప్పు చెప్పారని ఇంతవరకూ ఎవరూ అనలేదు. అనేంత తీరిక ఆయన ఎవరికీ ఇవ్వలేదు కూడా.

అలాంటి మనిషికి ఆర్నెల్లుగా తన కారు ఎడమ ముందు చక్రం దగ్గర టక్ టక్‌మనే చప్పుడేమిటో అంతుపట్టడం లేదు.

పరువు సంగతి అలా ఉంచితే, అసలు కష్టం వేరే ఉంది. ఆ చప్పుడు పోయేదాకా కారెక్కేది లేదని ఆయన భార్య రత్నమాణిక్యం గారు తేల్చి చెప్పేశారు. "కాలవ గట్టు మీద చక్రం ఊడితే మనిద్దరికీ ఈత రాదండి," అన్నారు. అందులో వాదించడానికేమీ లేదు. అప్పట్నుంచి ప్రతి శుక్రవారం పెనుగొండ అమ్మవారి గుడికి ఆవిడ ఆటోలో వెళ్తున్నారు. ఆటో వెనకాలే ఆయన ఖాళీ కారు తోలుకెళ్ళి, గుడి దగ్గర భార్యని పలకరించి, మళ్ళీ ఖాళీ కారుతో ఇంటికొస్తున్నారు. పక్క సీట్లోంచి "మెల్లిగా పోనివ్వండి" అనే మనిషి లేకపోతే ఆయనకి కారు తోలినట్టే ఉండటం లేదు. బెంగ పెట్టుకున్నారనే చెప్పాలి.

ఒక గురువారం పొద్దున్నే కారుని ధాన్యం ఆరబోసే సిమెంటు గచ్చు మీదకి తెచ్చి, వెనక చక్రాలకి ఇటుకలు అడ్డం పెట్టారు. బానెట్టు మూల మీద బరువంతా వేసి నొక్కి వదిలారు. షాకబ్జర్లు బాగుంటే కారు ఒకసారి పైకి లేచి కుదురుకోవాలి. కుదురుకుంది. నూనె కారిన తడి ఉందేమోనని చూశారు. లేదు. జాకీ ఎత్తి, అది జారినా కారు మీద పడకుండా కింద తాటి దుంగ పెట్టి, చక్రాన్ని పైనా కిందా పట్టుకుని ఊపారు. పిసరంత కదిలింది. గోనె పరుచుకుని పడుకుని టార్చి వేసి చూస్తే, చక్రాన్ని పట్టి ఉంచే బాల్ జాయింటుకి తొడిగిన రబ్బరు చిరిగి, లోపల గ్రీజు ఎండిపోయి ఉంది.

"దొరికింది మాణిక్యం!" అని కేకేశారు.

"దెబ్బేమన్నా తగిలిందాండీ?" అని వంటింట్లోంచి అడిగారావిడ.

రావులపాలెంలో మెకానిక్ విజయ్ పాల్ ఆ ముక్కని విప్పి అరచేతిలో పెట్టుకుని చూశాడు. "మంచిపని చేశారండి. ఇంకో నెలాగితే చక్రం ఒరిగిపోయేదండి," అన్నాడు. కొత్తది బిగించాక, "కానీ ఇదింకా చప్పుడు చేసేదాకా రాలేదండి," అని కూడా అన్నాడు. ఆ రెండో మాట తాతాజీ గారు వినదలుచుకోలేదు.

తిరుగు దారిలో కాలవ గట్టు ఎక్కగానే టక్ టక్.

కారాపి, ఒళ్ళు మండి పక్క సీటు మీద ఒక్క గుద్దు గుద్దారు. దాని కింద ఏదో టక్‌మంది. ఆర్నెల్లుగా కారు కింద వెతికిన మనిషి ఒక్కనాడూ సీటు కింద చూడలేదు. చెయ్యి పెట్టి లాగితే పసుపు గుడ్డ మూట వచ్చింది. ఏడాదిన్నర కిందట ఈ పాత కారు కొన్నప్పుడు పెనుగొండలో పూజ చేయించి, రత్నమాణిక్యం గారు స్వహస్తాలతో పెట్టిన కొబ్బరికాయ. అలవాటు కొద్దీ చెవి దగ్గర పెట్టి ఊపారు. నీళ్ళు ఇంకిపోయి, కొబ్బరి చిప్పని వదిలేసి, లోపల గుండులా ఆడుతోంది. శ్రేష్ఠమైన కురిడీ.

సిగ్గుతో ఆయన చెవులు ఎర్రబడ్డాయి. చెప్పి కాయ తీసేద్దామంటే ఆవిడ అపచారమంటుంది. తియ్యకపోతే కారెక్కదు. బాగా ఆలోచించి కాయని తువ్వాలులో చుట్టి డిక్కీలో దాచారు. ఇంటికెళ్ళి చిరిగిన రబ్బరు మాత్రం చూపించారు.

మర్నాడు రత్నమాణిక్యం గారు కారెక్కారు. గట్టు మీద కారు చప్పుడు లేకుండా పోతోంది. తాతాజీ గారికి ప్రాణం లేచొచ్చింది. అంతలో ఆవిడ వంగి సీటు కింద తడిమారు.

"ఇక్కడ కాయేదండీ?"

ఆయన అబద్ధానికి నోరు తెరిచి, నిజమంతా కక్కేశారు.

"అరిగిన ముక్క చప్పుడే చెయ్యలేదన్నాడా విజయ్ పాల్?"

"ఆ."

"మరి కాయ మోగకపోతే మీరు ఆ చక్రం విప్పించేవారా?"

"లేదు," అన్నారాయన.

"కారాపండి."

ఆపారు. ఆవిడ దిగారు. మళ్ళీ ఆటోనే అనుకున్నారాయన. ఆవిడ డిక్కీ తీసి, కాయని తువ్వాలులోంచి విడిపించి, కళ్ళకద్దుకుని తెచ్చి సీటు కింద పెట్టారు. ఎక్కి తలుపేసుకుని కొంగు సర్దుకున్నారు.

"మెల్లిగా పోనివ్వండి," అన్నారు.

పెనుగొండ దాకా టక్ టక్‌మంటూనే ఉంది.