అత్తమ్మ ఎంచిన అద్దం

మా అత్తమ్మ పోయింది. పోయిన నెల జనగామ దగ్గర తన పుట్టినూళ్ళో ఉన్న చెల్లెలి ఇంటికి వెళ్ళింది. అక్కడ ఒకనాడు తెల్లవారకముందే లేచి, ముఖం కడుక్కుని, "జర చాయ్ పెట్టు" అని చెల్లెలికి చెప్పి అరుగు మీద కూర్చుందట. చాయ్ వచ్చేసరికి మనిషి లేదు. ఆ కబురు నార్సింగిలో మా ఇంటికి చేరేసరికి పాలప్యాకెట్లు కూడా ఇంకా రాలేదు. ఫోన్ ఎత్తింది నేను. లోపల నిద్రపోతున్న ఆవిడ కొడుకుని లేపి చెప్పవలసి వచ్చిందీ నేనే.

మాది కాకినాడ. మా వైపు అత్తయ్యగారూ, అండీ అంటాం. పెళ్ళయిన కొత్తలో నేను అలాగే అంటుంటే ఆవిడ కొన్నాళ్ళు ఓర్చుకుని, ఒకరోజు చెయ్యి పట్టుకుని కూర్చోబెట్టింది. "అండి గిండి ఎందుకు బిడ్డా, ఆఫీసుల మాట్లాడినట్టున్నది. అత్తమ్మా అను" అంది. ఆ రోజు నుంచి అత్తమ్మే. నేను కూడా మెల్లమెల్లగా ఆవిడ మాటలు నేర్చుకున్నాను. కాకినాడ వెళ్తే మా అమ్మ, నువ్వు మా పిల్లవేనా అని వేళాకోళం చేస్తుంది.

పోయినవాళ్ళని తలుచుకుంటే కొందరికి వాళ్ళ చేతి వంట గుర్తొస్తుంది, కొందరికి పాట గుర్తొస్తుంది. నాకు మాత్రం కారు ముందు అద్దం గుర్తొస్తోంది. నవ్వుకుంటే నవ్వుకోండి.

నేను కారు నేర్చుకున్నది పెళ్ళయిన చాలా ఏళ్ళకి. నా ఆఫీసు హైటెక్ సిటీలో. వాన చుక్క పడితే క్యాబ్ రాదు. వస్తానన్నవాడు వంతెన కింద నుంచి ఫోన్ చేసి, మేడమ్ ట్రాఫిక్, మీరే క్యాన్సిల్ చెయ్యండి అంటాడు. ఆ విసుగుతోనే పంతం పట్టి నేర్చుకుని, చిన్న కారు కొనుక్కున్నాను. నడపడం వచ్చిందే గానీ ధైర్యం రాలేదు. స్టీరింగ్‌ని పిల్లి మెడ పట్టుకున్నట్టు పట్టుకునేదాన్ని. అలాంటి రోజుల్లో, ఒకసారి ఆఫీసు నుంచి వస్తుంటే, కంకర టిప్పర్ ఒకటి ముందు నుంచి రాయి విసిరింది. టప్‌మని అద్దానికి తగిలి, నా కళ్ళకు సరిగ్గా ఎదురుగా బొట్టుబిళ్ళంత దెబ్బ పడింది. ఇంటికి ఎలా వచ్చానో నాకే తెలియదు.

ఆ మర్నాటి నుంచి నాకు రోడ్డు కనబడటం మానేసింది. నిజంగా చెబుతున్నాను, ఆ బొట్టుబిళ్ళే కనబడేది. ముందు బస్సు ఆగినా, పక్కనుంచి బైకు దూరినా నా చూపు దాని మీదే. పక్క సీట్లో కూర్చున్న అత్తమ్మ కనిపెట్టింది. "అద్దం చూడకు బిడ్డా, తొవ్వ చూడు" అంది. తొవ్వంటే దారి. అద్దం ఉన్నది దాంట్లోంచి చూడటానికే గానీ దాన్ని చూడటానికి కాదని నాకు తెలియదా? తెలుసు. కళ్ళకి తెలియాలి కదా!

చూపు మాట అలా ఉంచి, దెబ్బ తగిలిందంటే కారణం దిష్టేనని అత్తమ్మ తేల్చేసింది. ఆడపిల్ల కారు నడుపుతుంటే అపార్ట్‌మెంట్ అంతా చూస్తోందట. అమావాస్య రాగానే పార్కింగ్‌లో కారు కడిగించి, బొట్లు పెట్టి, కొబ్బరికాయ తిప్పి, పళ్ళెంలో కర్పూరం వెలిగించింది. ఆ రోజు గాలి. వెలిగించినప్పుడల్లా ఆరిపోతోంది. ఇలా కాదని పళ్ళేన్ని బానెట్ మీద పెట్టి, గాలికి చాటుగా ఉంటుందని అద్దానికి ఆనించి, కర్పూరం గుప్పెడు పోసింది. మంట బాగా లేచింది. అద్దం మీద మసి పట్టింది. అయ్యో, కొత్త కారని, పక్కనే ఉన్న చెంబెడు చల్లటి నీళ్ళు తీసుకుని ఆ వేడి అద్దం మీద పోసింది.

చిన్న చప్పుడు. బొట్టుబిళ్ళ దగ్గర మొదలైన గీత మా కళ్ళముందే పాక్కుంటూ పోయి అద్దం పైఅంచు దాకా వెళ్ళి ఆగింది. అత్తమ్మ చెంబు కింద పెట్టింది. కాసేపు అద్దాన్నీ నన్నూ చూసి, "దిష్టి పోయింది బిడ్డా. అద్దం గూడ పోయింది" అంది. కోపం ముంచుకొచ్చింది, దాని వెనకాలే నవ్వు తన్నుకొచ్చింది. ఏది ముందు బయటపెట్టాలో తెలియక మెట్లెక్కి ఇంట్లోకి వెళ్ళిపోయాను.

ఇక నడపనని చెప్పేశాను. గోరుచుట్టు మీద రోకటిపోటు అన్నట్టు ఇంత జరిగాక నావల్ల కాదన్నాను. మా వారు ఎంతో సంతోషించారు. ఆయనకి మొదటినుంచీ నేను బండి తీస్తే భయమే. అమ్మేద్దాం, క్యాబ్ ఎంత సుఖం, వెనక కూర్చుని ఫోన్ చూసుకోవచ్చు అన్నారు. కారుకి ముసుగు వేశారు. ఆ ముసుగు చూస్తే నాకు హాయిగా అనిపించింది, చిన్నతనంగానూ అనిపించింది.

ఒక ఆదివారం పొద్దున్నే అత్తమ్మ ఉతికిన చీర కట్టుకుని, చేతిసంచీతో నా ముందు నిలబడింది. అద్దం కొననీకి పోదాం పా అంది. నేను వద్దన్నాను. కారు అమ్మేస్తున్నాం, ఎందుకులే అన్నాను. ఆవిడ సంచీ పక్కన పెట్టి నా ఎదురుగా కూర్చుంది.

"నా బతుకంత ఒకలు తీస్కపోతె పోవుడే బిడ్డా. నా అవ్వగారింటికి పోవాల్నంటె మీ మామకు సెలవు దొరకాలె. ఆయిన పోయినంక నీ పెనిమిటికి దొరకాలె. నీ చేతుల బండి ఉన్నది. నువ్వు నా లెక్క కూసోకు."

అవ్వగారిల్లంటే పుట్టిల్లు. ఆవిడ అంత పొడుగు మాట మాట్లాడటం నేను అంతకుముందు వినలేదు. లేచి తాళాలు తీశాను. గీత పడిన అద్దంతోనే, నత్తనడకన, కొండాపూర్ వైపు కారు అద్దాల దుకాణానికి వెళ్ళాం. దారిపొడుగునా ఆవిడ గీత ఊసు ఎత్తలేదు. తొవ్వ చూడు, తొవ్వ చూడు అంటూనే ఉంది.

దుకాణాయన గడ్డం నెరిసిన సాయిబు, మర్యాదస్తుడు. మా కారుకి సరిపోయేవి రెండు రకాలున్నాయని చెప్పి, కంపెనీ ముద్ర చూడమన్నాడు, దళసరి చూడమన్నాడు. అత్తమ్మ అవేవీ అడగలేదు. పగిలితే ఏమవుతుందని అడిగింది. కొనకముందే పగలడం గురించి అడిగేవాళ్ళని ఆయన చూసి ఉండడు. నవ్వి, మూలన పెట్టిన పాత అద్దం ఒకటి చూపించాడు. ఏదో బండి నుంచి తీసింది. ఒళ్ళంతా పగుళ్ళే, కానీ ఒక్క ముక్క రాలలేదు. రెండు పలకల మధ్య పొర ఒకటి ఉంటుందనీ, అదే పట్టి ఉంచుతుందనీ చెప్పాడు. అత్తమ్మ దాన్ని చేత్తో నిమిరి చూసింది. "గిట్లుండాలె" అంది. అద్దం గురించే అందనుకుంటాను.

తరవాత మొదలైంది అసలు బేరం. ఆ రెండు అద్దాలనీ బయట ఎండలోకి పట్టుకురమ్మంది. నాకు తల కొట్టేసినట్టయింది. చీర కొన్నా అంతే ఆవిడ. దుకాణంలో లైట్ల కింద రంగు నమ్మదు, గడప దాటించి ఎండలో చూస్తే గానీ డబ్బు తియ్యదు. అత్తమ్మా, ఇది చీర కాదు అని చెవిలో గొణిగాను. సాయిబు మాత్రం, పెద్దామె అడిగింది, చూపించాలె అని ఇద్దరు పనివాళ్ళ చేత అద్దాలు బయటికి తెప్పించాడు. ఆవిడ ఒక్కోదాని వెనక నిలబడి, ఎదురుగా ఉన్న కరెంటు తీగల్ని చూస్తూ తల అటూ ఇటూ ఊపింది. నన్నూ చూడమంది. మొదటి దాంట్లో తీగలు ఒక పక్క నీళ్ళలో ఉన్నట్టు వంకరపోయాయి. రెండో దాంట్లో తిన్నగా ఉన్నాయి. సాయిబు కూడా వచ్చి చూసి, "అవునమ్మా, ఇదే తీస్కోండ్రి" అన్నాడు.

అక్కడితో ఆగితే బాగుండేది. ఆ రెండో అద్దానికి పైన ఆకుపచ్చ పట్టీ ఉంది, కళ్ళలో ఎండ పడకుండా. అదెందుకని అడిగింది. సాయిబు చెప్పాడు, నేనూ చెప్పాను. ఊహూ. మొగులు కనబడాలి అంది. మొగులంటే మబ్బు పట్టే ఆకాశం. వాన వచ్చేదీ రానిదీ ఎలా తెలుస్తుందట. ఫోన్‌లో తెలుస్తుందన్నాను. నీ ఫోన్ చెప్పిన వాన ఎన్నడన్న పడ్డదా అంది. ఆ రకంలోనే పట్టీ లేని అద్దం లోపలెక్కడో ఉందని వెతికి తెచ్చి, సాయిబు అదే బిగించాడు.

బంక ఆరేదాకా నీళ్ళు పొయ్యద్దు, తలుపులు ధడేల్మని వెయ్యద్దు, కిటికీ కొంచెం దించి ఉంచండి అని ఆయన జాగ్రత్తలు చెప్పాడు. మర్నాడంతా అత్తమ్మ పార్కింగ్‌లో కుర్చీ వేసుకుని కూర్చుంది. బాలింతను చూసుకున్నట్టు చూసుకోవాలట. పక్క కారు వాళ్ళని కూడా తలుపు మెల్లగా వేసుకోమని బతిమాలింది. వాచ్‌మన్ ఆవిడకి చాయ్ తెచ్చి ఇచ్చాడు.

కొత్త అద్దంలోంచి మొదటిసారి చూసినప్పుడు లోకం దగ్గరికి వచ్చినట్టనిపించింది. బొట్టుబిళ్ళా లేదు, గీతా లేదు. చూపు ఆగడానికి చోటు లేక రోడ్డు మీదికే పోయింది. అంతే, ఆ రోజుతో నా భయం సగం చచ్చింది. మిగతా సగాన్ని అత్తమ్మే చంపింది. ఆదివారాలు నన్ను ఊరికే ఉండనిచ్చేది కాదు. ఖాజాగూడ చెరువు చూపిస్తావా అనేది, బాచుపల్లిలో ఎవరో చుట్టాలు రమ్మన్నారనేది. పొట్టి మనిషి, రోడ్డు కనబడాలని కింద దిండు వేసుకుని కూర్చునేది. కిటికీ పైన పిడి పట్టుకుని, కాలితో లేని బ్రేకు తొక్కేది. ఎవరైనా దారి ఇస్తే చెయ్యెత్తి దండం పెట్టేది. గచ్చిబౌలి దగ్గర అందరూ హారన్లు మోగిస్తుంటే, "జాగ ఉన్నది బిడ్డా, సబర్ లేదు వీళ్ళకు" అనేది. ఆ ఓర్పు నాకూ లేదు. ఆవిడ పక్కన కూర్చున్నంతసేపూ ఉండేది.

పట్టీ విషయంలో మాత్రం ఆవిడదే తప్పు. ఎవరేమన్నా సరే. సాయంత్రం హైటెక్ సిటీ నుంచి నార్సింగికి రావడమంటే సూర్యుడికి ఎదురు రావడం. ఖాజాగూడ రాళ్ళ దగ్గర మలుపు తిరగ్గానే ఎండ తిన్నగా కళ్ళలో పొడుస్తుంది. రోజూ అక్కడికి రాగానే ఆవిడని తిట్టుకునేదాన్ని. ఇంటికొచ్చి ఆవిడ ఎదురుగానే తిట్టేదాన్ని. "మొగులు కనవడ్డదా లేదా?" అని అడిగేది. కనబడింది అనేదాన్ని. ఇగ ఏంది మరి అని తన పని చూసుకునేది.

కబురు వచ్చిన పొద్దున మా వారు చొక్కా కూడా సరిగా వేసుకోలేకపోయారు. కారు తాళం చేతిలో పట్టుకుని గుమ్మంలో నిలబడ్డారు. క్యాబ్ పిలుద్దామా అని నేను అనేలోపే తాళం నా చేతిలో పెట్టి, "నువ్వు తీస్కపో నన్ను" అన్నారు. వెళ్ళి వాళ్ళమ్మ సీట్లో కూర్చుని, కింద ఉన్న దిండు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు.

జనగామ వెళ్ళాలంటే తూర్పుకి వెళ్ళాలి. ఘట్‌కేసర్ దాటేసరికి సూర్యుడు లేచి అద్దం నిండా కూర్చున్నాడు. పట్టీ లేదు. కళ్ళలో ఎండ, కళ్ళ నిండా నీళ్ళు. ఒకచోట బండి పక్కకి ఆపి, ముఖం తుడుచుకుని, మా వారి భుజం పట్టుకుని ఇద్దరం కాసేపు ఏడ్చాం. తరవాత ఎండకి అడ్డంగా సన్‌వైజర్ దించి, తొవ్వ చూడు, తొవ్వ చూడు అని పైకే అనుకుంటూ నడిపాను. ఆవిడ ఎన్నడూ తనంత తాను వెళ్ళలేకపోయిన అవ్వగారి ఊరికి, ఆవిడ కొడుకుని భద్రంగా తీసుకుని వెళ్ళాను. చిన్నత్త ఎదురొచ్చి ఎవరు తోలిన్రని అడిగితే ఆయన నా వైపు చూపించారు.

కర్మలన్నీ అయ్యాక మా వారు ఎండ ఆపే ఫిల్మ్ ఒకటి కొని తెచ్చారు. అద్దం పైన వరసగా అంటిస్తే చాలు, పట్టీలాగే ఉంటుంది. నీ కళ్ళు పాడవుతున్నాయి, అంటిస్తానన్నారు. అంటిద్దాంలే, ఈ వానలు పోనీ అన్నాను. ఆయన ఆ చుట్టని డాష్‌బోర్డ్ అరలో పెట్టారు.

నిన్న సాయంత్రం ఖాజాగూడ మలుపు దగ్గర మళ్ళీ ఎండ పొడిచింది. అలవాటు కొద్దీ తిట్టడానికి నోరు తెరిచాను. పక్కన ఖాళీ సీట్లో దిండు ఉంది. తలెత్తితే అద్దం పైభాగమంతా, ఆకుపచ్చ పట్టీ ఉండాల్సిన చోటంతా, నల్లటి మబ్బు దిగి వస్తోంది.

"కనబడింది అత్తమ్మా" అన్నాను. ఫోన్‌లో వాన లేదు. చుక్కలు అద్దం మీద పడటం మొదలయ్యాక వైపర్ వేసి, తొవ్వ చూసుకుంటూ ఇంటికి వచ్చాను.