తంబాకు చేతుల మటన్ కూర

ఇవాళ మటన్‌లోకి ఎండుకొబ్బరి, గసగసాలు వేయిస్తుంటే నీలం నగర్‌లోని మా ఒంటిగది ఇల్లు గుర్తొచ్చింది. లోపల నాన్న మగ్గం, గడప దగ్గర చాట ముందు బీడీలు చుడుతూ అమ్మ. మన వాడవాళ్లకు గుర్తుందా, ఎంత కడిగినా మన అమ్మల వేళ్లను తంబాకు వాసన వదిలేది కాదు. ఆ చేత్తోనే మసాలా నూరేవాళ్లు, కూరన్నం కలిపి మనకు ముద్దలు పెట్టేవాళ్లు.

ఓ ఆదివారం చుట్టాల ముందు అనేశాను.

"అమ్మా, కూరల తంబాకు వాసనొస్తుందే!"

మేనత్త పకపకా నవ్వింది. "ఏంది వదినా, మటన్ల బీడీలు గిట్ట ఏసినవా?"

అందరూ నవ్వారు. అమ్మ కూడా నవ్వింది. మరుసటి ఆదివారం నన్ను నూరే రాయి ముందు కూర్చోబెట్టింది.

"నీ చేతులు మంచిగున్నయ్ బిడ్డా, నువ్వే నూరు."

ఆ తర్వాత ఎన్నడూ నాకు ముద్ద పెట్టలేదు.

నిజంగా ఆ కూరలో వాసన వచ్చిందా, లేక అత్తను నవ్వించాలని అన్నానా? ఇప్పటికీ తేల్చుకోలేను.

అమ్మ ఇప్పుడు మా ఇంట్లోనే ఉంటుంది. బీడీలు చుట్టడం మానేసి చాలా ఏళ్లయింది. ఇవాళ కూర వడ్డించి, "ఒక్క ముద్ద తినిపియ్యరాదే అమ్మా" అని అడిగాను.

అమ్మ తన వేళ్లు ఒకసారి వాసన చూసుకుంది.

"చెంచాతోని తిను బిడ్డా."